సౌభ్రాతృత్వం – సమాజ నిర్మాణం: మదీనా నుంచి నెల్లూరు తీరం వరకు

ఉపోద్ఘాతం

తొలి ముస్లిం సమాజ నిర్మాణంలో సౌభ్రాతృత్వం కేవలం నైతిక భావన కాదు. ఆశ్రయాన్నీ, జీవనోపాధినీ, పరస్పర బాధ్యతలనూ నిర్దేశించిన సామాజిక వ్యవస్థ. ఆ వ్యవస్థ స్వరూపాన్ని వివరించి, దాని వెలుగులో నెల్లూరు తీరాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

మదీనా నమూనా

నాటి అరబ్బు సమాజంలో వ్యక్తికి వంశమే రక్షణ. క్రీ.శ. 622లో మక్కా నుంచి మదీనాకు వలసవచ్చిన ముహాజిర్లు ఆస్తితోపాటు ఆ రక్షణనూ కోల్పోయారు. మహమ్మద్ ప్రవక్త వారిని అన్సార్లనే స్థానిక విశ్వాసులతో జంటలుగా సోదరబంధంలో కలిపారు. దీనినే 'ముఆఖాత్' అంటారు. సఅద్ ఇబ్న్ రబీ తన సంపదలో సగం ఇవ్వజూపగా, అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్ దానిని స్వీకరించక బజారుకు దారి అడిగి, వర్తకంతో నిలదొక్కుకున్నారని హదీసులు చెబుతున్నాయి. తొలుత ఈ సోదరులకు పరస్పర వారసత్వం ఉండేది. అనంతరం అది రక్తసంబంధీకులకే చెందింది. ఆధారపడవలసిన స్థితి తొలగినా బంధం మిగిలింది.

కోరమండల్ తీరం

'మాబర్' తీరం కొల్లం నుంచి నీలావర్ అంటే నెల్లూరు వరకు వ్యాపించినదని పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ పేర్కొన్నాడు. ఈ తీరపు దక్షిణ భాగంలో కీష్ ద్వీపాధిపతి జమాలుద్దీన్ గుర్రాల వర్తకం సాగించగా, అతని సోదరుడు తఖీయుద్దీన్ అబ్దుర్రహ్మాన్ పాండ్యరాజు కొలువులో మంత్రిగా ఉన్నాడు. మదీనాలో విశ్వాసుల సమాజమే పాలకశక్తిగా రూపొందింది; ఇక్కడి ముస్లిం వర్తకులు అన్యమతస్థులైన రాజుల ఏలుబడిలో జీవించారు. కనుక అంతర్గత సోదరభావం ఒక్కటే చాలదు; స్థానికుల విశ్వాసం కూడా అవసరం. నెల్లూరుకు ఉత్తరాన మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఇటువంటి విశ్వాసానికి రాజముద్ర. ఓడ పగిలి తీరానికి కొట్టుకొచ్చిన సరుకును పూర్వరాజులు హరించేవారనీ, తాను నిర్ణీత సుంకం మాత్రమే గ్రహిస్తాననీ అందులో ప్రకటించాడు. ఈ అభయం మతభేదం లేకుండా సముద్రవర్తకులందరికీ వర్తించింది.

ముగింపు

నెల్లూరు స్వర్ణాల చెరువు వద్ద బారాషహీద్ దర్గాలో మొహర్రం సందర్భంగా జరిగే రొట్టెల పండుగలో కోరికతో రొట్టె అందుకున్నవారు, అది నెరవేరిన పిమ్మట మరొకరికి రొట్టె ఇస్తారు. ఇందులో అన్ని మతాలవారూ పాల్గొంటారు. దీనిని ముఆఖాత్‌కు వారసత్వమనడం చారిత్రకంగా సరికాదు. కాని రెండింటి అంతస్సూత్రం ఒక్కటే. పుచ్చుకున్నవాడు ఎల్లకాలం పుచ్చుకునేవాడిగానే మిగిలిపోడు. దానాన్నీ సౌభ్రాతృత్వాన్నీ వేరుచేసే గీత ఇదే.