తరిమెల నాగిరెడ్డి: బోనులో నిలబడి చేసిన వాదన

తరిమెల నాగిరెడ్డి (1917–1976) అనంతపురం జిల్లా నుంచి చట్టసభలకు ఎన్నికై, ఆ సభల మీదే నమ్మకం పోయి బయటికి వచ్చేసిన కమ్యూనిస్టు నాయకుడు. ఆయన రాజకీయ జీవితానికి నిలువెత్తు సాక్ష్యం కోర్టుకిచ్చిన ఒక వాంగ్మూలం. హైదరాబాద్ కుట్రకేసులో ముద్దాయిగా రాసిన ఆ పత్రమే ‘తాకట్టులో భారతదేశం’.

పుట్టింది తరిమెలలో, కలిగిన రైతు కుటుంబంలో. రిషివ్యాలీ, మద్రాసు లయోలా కళాశాల, కాశీ హిందూ విశ్వవిద్యాలయాల్లో చదువు. యుద్ధం తెచ్చే ఆర్థిక ప్రభావాలపై పుస్తకం రాసినందుకు జైలు. 1952లో అనంతపురం నుంచి మద్రాసు శాసనసభకు, 1957లో లోక్‌సభకు, 1962లో పుట్లూరు నుంచి, 1967లో మళ్లీ అనంతపురం నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు గెలుపు. 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఎం పక్షం. 1968లో దాన్నీ వదిలి దేవులపల్లి వెంకటేశ్వరరావు తదితరులతో కలిసి విప్లవకారుల కమిటీ. 1969 మార్చిలో శాసనసభ్యత్వానికి రాజీనామా, ఆ ఏడాది చివర మద్రాసులో అరెస్టు.

సాయుధ పోరాటంతో ప్రభుత్వాన్ని కూలదోయడానికి కుట్ర పన్నారన్నది అభియోగం. నేరం చేయలేదని నాలుగు ముక్కలు చెప్పి ఊరుకునే మనిషి కాదు నాగిరెడ్డి. స్వాతంత్ర్యం వచ్చాక దేశ సంపద ఎవరి చేతుల్లోకి పోతోందన్న ప్రశ్ననే ఆయన విచారణకు పెట్టారు. విదేశీ పెట్టుబడులు, సహాయం పేరిట వచ్చే అప్పులు, సాంకేతిక ఒప్పందాలు, బడా పారిశ్రామికవేత్తల ఎదుగుదల, అమలుకాని భూసంస్కరణలు ఒక్కొక్కటిగా అందులోకి వచ్చాయి. బ్రిటన్, అమెరికా పెట్టుబడులను దుయ్యబట్టి ఆగిపోలేదు. కమ్యూనిస్టు అయివుండీ సోవియట్ సహాయాన్ని కూడా అదే గీటురాయి మీద పరీక్షించారు.

ఈ పత్రం బలం ఆధారాల్లో ఉంది. నినాదాలతో నింపగలిగిన చోట ఆయన లెక్కలు పేర్చారు. ప్రభుత్వ వర్గాలు ప్రకటించిన అంకెలనే తీసుకుని ప్రభుత్వ విధానాన్ని ప్రశ్నించారు. శాసనసభలో ప్రతిపక్ష సభ్యుడు బడ్జెట్‌ను పద్దు పద్దుగా నిలదీసే పద్ధతి ఇదే. సభను వదిలేసినా ఆ అలవాటు ఆయన్ను వదల్లేదు. సాయుధ విప్లవమే మార్గమన్న ఆయన నిర్ధారణను ఒప్పుకోనివారు చాలామంది ఉన్నారు. అయినా, ఖైదీగా ఉంటూ ఇంత శ్రమపడి, తనను విచారిస్తున్న రాజ్యానికి ఆధారాలతో జవాబిచ్చిన నాయకుడికి గౌరవం దక్కాల్సిందే. ప్రజాప్రతినిధి ఎంత చదవాలో, ఎంత లోతుగా వాదించాలో చెప్పడానికి తెలుగునాట ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

1972లో బయటికి వచ్చిన నాగిరెడ్డి ఎమర్జెన్సీలో అజ్ఞాతంలోకి వెళ్లారు. 1976 జూలై 28న హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయన ఇంగ్లీషులో రాసిన వాంగ్మూలం 1978లో పుస్తకంగా వెలువడింది. తర్వాత తెలుగులోకీ వచ్చింది.

బావా బావమరుదుల పోటీ

1952లో అనంతపురంలో నాగిరెడ్డి ఓడించిన కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మ, నాగిరెడ్డి తోబుట్టువు. ఆ ఓటమి సంజీవరెడ్డిని ఆపలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి అయ్యారు.