ఎగ్జిమా అంటురోగం కాదు. చర్మపు గోడ బీటవారితే వచ్చే బాధ

కాప్రా: మోచేతి మడతలో, మోకాలి వెనుక, మెడ మీద చర్మం ఎర్రబడి, తెగ దురదపెట్టి, గోకితే రసి కారే ఎగ్జిమాను అంటురోగమని పల్లెలలో చాలామంది భయపడుతుంటారు. ఆ జబ్బున్న బిడ్డను పక్కన కూర్చోనివ్వరు. కంచం, తువ్వాలు వేరు చేస్తారు. ఇది సరికాదు. గజ్జి కంటికి ఆనని పురుగు వల్ల, తామర బూజు వల్ల వచ్చి ఒకరి నుండి మరొకరికి అంటుకుంటాయి. ఎగ్జిమా అలా అంటుకోదు. చర్మంలోని లోపం, శరీర రక్షణశక్తి తొందరపాటు రెండూ కలిసి తెచ్చిపెట్టే జబ్బు ఇది.

గోడ, కావలి

చర్మం పైపొర చాలా చోట్ల కాగితం కన్నా పలుచన. అయినా అది ఇటుకల గోడ వంటిది. కణాలు ఇటుకలైతే, వాటి నడుమ వుండే కొవ్వు పదార్థాలు అడుసు. లోపలి తడి ఆరిపోకుండా, బయటి దుమ్ము, క్రిములు లోనికి రాకుండా ఈ గోడ కాపాడుతుంది. ఇందుకు ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తు అవసరం. కొందరిలో పుట్టుకతోనే ఇది తక్కువగా వుంటుంది. ఈ లోపానికి, ఎగ్జిమాకు గల సంబంధం 2006లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల పరిశోధనలో వెల్లడైంది. అయితే రోగులందరిలోనూ ఈ లోపం వుండదు.

బీటల గుండా దుమ్ము, క్రిములు చొరబడగానే రక్షణ కణాలు మేల్కొంటాయి. దొంగనూ చుట్టాన్నీ ఒకేలా తరిమే కావలి కుక్క మాదిరి, అవి కీడు చేయని వాటి మీద కూడా విరుచుకుపడతాయి. అవి విడుదల చేసే రసాయనాలు వాపును, దురదను పుట్టించడమే గాక ఫిలాగ్రిన్ తయారీని కూడా తగ్గిస్తాయి. గోకిన కొద్దీ గోడ మరింత కూలుతుంది. అందుకే జబ్బు తగ్గినట్లే తగ్గి తిరగబెడుతుంది.

సిమెంటు, వయ్యారిభామ

పెద్దవారిలో పనిని బట్టి, పరిసరాలను బట్టి వచ్చే ఎగ్జిమా కూడా వుంది. కాప్రా, నాచారం, ఉప్పల్ ప్రాంతాల కట్టడాల పనికి చుట్టుపక్కల పల్లెల నుండి కూలీలు వస్తుంటారు. తడి సిమెంటులోని క్షారం చర్మపు కొవ్వును హరిస్తుంది. అందులోని క్రోమియం కొందరికి సరిపడదు. పనికి రబ్బరు తొడుగులు, పని ముగియగానే మంచినీటితో చేతులు కడగడం అవసరం. ఐరోపా దేశాలు 2005 నుండి సిమెంటులో ఈ క్రోమియానికి పరిమితి విధించాయి.

చేలగట్ల మీది వయ్యారిభామ కూడా ఇటువంటిదే. దాని పొడి గాలిలో వచ్చి తగిలినా ముఖం, మెడ, చేతులు పొక్కేవారున్నారు. పూతకు రాకముందే, చేతికి తొడుగుతో, ఒంటి నిండా బట్టతో పీకివేయాలి.

షాపు మందుతో ముప్పు

దురద అనగానే మందుల షాపులో ఏదో ఒక ట్యూబు కొనడం పరిపాటి. వీటిలో చాలావాటిలో స్టెరాయిడ్ వుంటుంది. డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే ఎగ్జిమాకు అది మేలైన మందే. ఇష్టం వచ్చినట్లు పూస్తే చర్మం పలుచబడుతుంది. తామరకు పూస్తే తామర ముదురుతుంది. చీటీ లేకుండా ఈ పూతలను అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది.

ఖర్చు లేని జాగ్రత్తలూ వున్నాయి. గోరువెచ్చని నీటితో కొద్దిసేపు స్నానం చేయాలి. ఘాటు సబ్బు మానాలి. ఒళ్ళు అద్దుకున్న వెంటనే, తడి ఆరకముందే కొబ్బరినూనె గాని పెట్రోలియం జెల్లీ గాని రాయాలి. చలికాలంలో ఇది మరీ ముఖ్యం. పిల్లల గోళ్ళు కత్తిరించాలి. కిరోసిన్, బ్యాటరీ మసి వంటివి పూయరాదు.

చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయరాదు. సికింద్రాబాద్ గాంధీ, హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. ఇ.ఎస్.ఐ. కార్డుగల కార్మికులు నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి వెళ్ళవచ్చు. దురద బాధకు తోడు వెలి బాధ కూడా బిడ్డకు పెట్టకుండా చూడవలసింది మాత్రం ఇంటివారు, ఇరుగుపొరుగువారే.