తోమా కథయు గుండఫరు నాణెములును

క్రిస్మసు పండుగనాడు మన బాలురు తూర్పుదేశపు జ్ఞానుల వేషములు ధరించునప్పుడు వారిలో నొకనికి గాస్పరు అని పేరిడుచున్నాము. "అయ్యా, గాస్పరు నిజముగా నుండెనా?" యని యొక విద్యార్థి మమ్మడిగెను. ఆ ప్రశ్నకు ఉత్తరము వెదకబోగా, అది మమ్ములను హిందూదేశపు ప్రాచీన చరిత్రలోనికే గొనిపోయినది.

మత్తయి సువార్తలో ఆ జ్ఞానుల పేర్లు లేవు. వారు ముగ్గురను మాటయు లేదు. గాస్పరు, మెల్కియోరు, బల్తజారు అను పేర్లు కొన్ని శతాబ్దముల తరువాతి వ్రాతలలో మాత్రమే కానవచ్చుచున్నవి. గాస్పరు అను పేరు గుండఫరు అను రాజు పేరునుండి మారి వచ్చినదని కొందరు పండితుల యూహ.

ఈ గుండఫరు ఎవరు? క్రీ. శ. 3వ శతాబ్దపు ఆరంభమున, బహుశః సిరియా దేశపు ఎదెస్సా పట్టణప్రాంతమున, "తోమా కార్యములు" అను గ్రంథము పుట్టెను. ఇది మన బైబిలులో చేరినది కాదు. దానిలోని కథ యిది: హబ్బాను అను వర్తకుడు తోమాను శిల్పిగా కొని, హిందూదేశపు రాజైన గుండఫరు నొద్దకు తెచ్చెను. నగరు కట్టుటకై రాజిచ్చిన ధనమును తోమా బీదలకు పంచిపెట్టెను. రాజు కోపించి అతనిని చెరలో నుంచెను. ఇంతలో రాజు తమ్ముడు గాదు మరణించి, పరలోకమున అన్నకై కట్టబడిన నగరును చూచి, మరల బ్రదికి ఆ సంగతి తెలిపెను.

ఇట్టి రాజొకడు ఉండెనని వేరు సాక్ష్యము చాలకాలము దొరకలేదు. 1830 తరువాతి సంవత్సరములలో చార్లెస్ మాసన్ మొదలగువారు కాబూలు ప్రాంతమున ప్రాచీన నాణెములను ప్రోగుచేసిరి. వానిలో గ్రీకు, ఖరోష్ఠి లిపులలో గొండొఫరేసు అను రాజు పేరు కనబడెను. పిమ్మట పెషావరు సమీపమున తఖ్తిబాహిలో దొరకిన శిలాశాసనము, ఈ రాజు ఏలుబడియందలి 26వ యేటిని ఒక శకముయొక్క 103వ యేటితో జతపరచుచున్నది. ఆ శకము క్రీ. పూ. 57లో ఆరంభమైనదని గణించినచో, అది క్రీ. శ. 46 ప్రాంతమగును. అనగా అపొస్తలుల కాలమే.

ఇక తోమా కథ యంతయు రుజువైనట్లేనా? కాదు. మిరప బస్తాలో పైనున్న మచ్చు మాత్రమే చూచి అడుగువరకు నాణ్యమని నమ్ము వర్తకుడు మన గుంటూరిలో నుండడు. నాణెము రాజును రుజువు చేయును. తోమా అతని కొలువులో నుండెనని రుజువు చేయదు. వర్తకుల నోట ఎదెస్సాకు చేరిన రాజు పేరునే కథకుడు తన కథలో చేర్చియుండవచ్చును. ఆ రాజు నాణెములు కొన్నిటిపై "గుద" అను మాట గలదు. అది తమ్ముడైన గాదు పేరని కొందరు, రాజు పేరే కుదించి వ్రాయబడినదని మరికొందరు చెప్పుదురు. గాస్పరు విషయమైన యూహ ఇంతకంటెను బలహీనము.

మన సీమయందును ఇట్టి నిదర్శనము కలదు. వినుకొండలో దొరకిన రోమీయుల బంగారు నాణెములలో తిబెరి కైసరు నాటివి యున్నవి. లూకా సువార్త 3వ అధ్యాయము పేర్కొనిన కైసరు ఇతడే. అతడు జీవించెననుటకు ఆ బంగారమే సాక్ష్యము. ఆ నాణెములు మన సీమకు వర్తకము వచ్చెననియు చెప్పును. అపొస్తలుడు వచ్చెనని మాత్రము చెప్పదు.

ఇట్టి విచారణ పిల్లల విశ్వాసమును చెరుపునేమో యని తలిదండ్రులలో కొందరు శంకింతురు. మేమట్లు తలంపము. తెలిసినదానిని తెలిసినదనియు, సంభవమైనదానిని సంభవమనియు, ఊహను ఊహయనియు వేరుపరచి చెప్పుట సత్యవర్తనమే. అది నేర్వని బాలుడు నేడు ఊహను సత్యమని నమ్మి, రేపు అది తొలగినప్పుడు సత్యమునే విడువగలడు. చూడక నమ్మనని పలికిన తోమాను ప్రభువు త్రోసివేయక, దగ్గరకు పిలిచి చూపెను. కాబట్టి, ప్రియ విద్యార్థులారా, అడుగుటకు జంకకుడు.