చపాతీకి పుట్టిల్లు ఓ అడవిగడ్డి!

జొన్నపిండిని వేడినీళ్లతో ఎంత మర్దించినా నా రొట్టె అంచులు చిట్లుతాయి. గోధుమపిండి మాత్రం చన్నీళ్లకే సాగుతుంది. ఎందుకా అని చదివితే భలే ఆశ్చర్యమేసింది!

మొలక కోసం గోధుమగింజ దాచుకునే మాంసకృత్తుల్లో గ్లయాడిన్ సాగే గుణాన్నిస్తే, గ్లూటెనిన్ బిగువునిస్తుంది. ఆ గ్లూటెనిన్ జన్యువుల్లో కొన్ని ఏజిలాప్స్ టౌషీ అనే అడవిగడ్డి ఇచ్చినవే. 8 నుంచి 10 వేల ఏళ్ల కిందట కాస్పియన్ సముద్రం దాపున, పొలంలోని ఎమ్మర్ గోధుమతో అది దానంతటదే సంకరమైంది.

ఆనాడు కలిసినవి కొద్ది మొక్కలే. మిగతా గడ్డిలో మన గోధుమకు లేని గ్లూటెనిన్ రకాలింకా ఉన్నాయి. 1980లలో మెక్సికోలోని సిమిట్ పరిశోధన సంస్థ ఆ సంకరాన్ని మళ్లీ చేయించడం మొదలుపెట్టింది. ఆ గడ్డిబీళ్లు అంతరిస్తే రేపటి గోధుమకు పుట్టింటి సాయం కరువే కదా!