కీమియా అంటే భయమెందుకు?

పదో తరగతి చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట తరచు వినబడుతూ ఉంటుంది: "లెక్కలు ఎలాగో నెట్టుకొస్తున్నాడు గాని, కెమిస్ట్రీ మాత్రం వాడి తలకెక్కడం లేదు." మరునాడే ట్యూషన్ మాస్టారి కోసం వెతుకులాట మొదలవుతుంది. నెలనెలా ఫీజు కట్టడం, సాయంత్రం పిల్లవాడు పుస్తకాలు పట్టుకొని వెళ్లి రావడం జరుగుతూనే ఉంటాయి. అయితే ఆ గంటసేపు అక్కడ ఏమి జరుగుతున్నదో అడిగే తల్లిదండ్రులు చాలా తక్కువ.

అడగవలసిన అవసరం ఎంతైనా ఉంది. పదో తరగతిలో రసాయన శాస్త్రానికి జడిసిన బిడ్డ ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి.కీ దూరమవుతాడు, బై.పి.సి.కీ దూరమవుతాడు. దానితో డాక్టరు చదువు ఒక్కటే కాదు. ఇంజనీరింగు, ఫార్మసీ, బి.ఎస్సీ. నర్సింగు వంటి దారులు కూడా మూసుకుపోతాయి. పదిహేనేళ్ల వయసులో కలిగిన ఒక భయం, జీవితానికి సంబంధించిన ఇన్ని తలుపులు మూయడం న్యాయమేనా?

మనకు పరాయి విద్య కాదు

కెమిస్ట్రీ అనే పేరుకు మూలం 'అల్ కీమియా' అనే అరబీ మాటే. క్షారాన్ని ఆల్కలీ అంటారు. అది మొక్కల బూడిదకు అరబ్బులు పెట్టుకున్న 'అల్ ఖలీ' అనే పేరు. ఆల్కహాల్ అన్న మాట కూడా కంటికి పెట్టుకునే సుర్మా పొడి పేరైన 'అల్ కుహ్ల్' నుంచి పుట్టిందే. జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరుతో వెలసిన గ్రంథాలను, అల్ రాజీ రచనలను ఐరోపా పండితులు లాటిన్‌లోకి మార్చుకొని శతాబ్దాలపాటు చదువుకున్నారు. మన హైదరాబాదులోనే 1917లో దారుల్ తర్జుమా ఏర్పడి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసి, ఆధునిక శాస్త్రాలను ఉర్దూలో బోధించారు. మూలకాన్ని ఉన్సుర్ అని, సమ్మేళనాన్ని మురక్కబ్ అని చదివి పట్టభద్రులైనవారు ఆనాడు ఎందరో ఉన్నారు.

అయితే తాతల ఘనత చెప్పుకున్నంత మాత్రాన మనవడికి సమీకరణం తుల్యం చేయడం రాదు. దానికి వేరే మార్గం ఉంది.

గొలుసు ఎక్కడ తెగింది?

చరిత్ర పాఠంలో ఒక అధ్యాయం తప్పిపోయినా తర్వాతిది చదువుకోవచ్చు. రసాయన శాస్త్రం అలా కాదు. అది గొలుసు వంటిది. మూలకాల సంకేతాలు తెలిస్తే సంయోజకత అర్థమవుతుంది. సంయోజకత తెలిస్తే ఫార్ములా రాయవచ్చు. ఫార్ములా వస్తే సమీకరణం, సమీకరణం వస్తే మోల్ లెక్కలు. తొమ్మిదో తరగతిలో జ్వరమొచ్చి పది రోజులు బడి మానిన పిల్లకు ఆ రోజుల్లోనే సంయోజకత పాఠం జరిగిపోయి ఉంటే, పదో తరగతిలో ఎన్ని సమీకరణాలు బట్టీ పట్టినా ఫలితం ఉండదు.

మా వీధిలో ఒక అమ్మాయికి బి.ఎస్సీ. చదివే యువతి ట్యూషన్ చెబుతూ ఉండగా నేను విన్నాను. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే సమీకరణం ఇచ్చింది. ఎడమవైపు ఆక్సిజన్లు రెండు, కుడివైపు ఒకటే ఉన్నది. అమ్మాయి చటుక్కున నీటి ఫార్ములాలోనే ఆక్సిజన్ పక్కన 2 వేసి, "సరిపోయింది ఆపా" అన్నది.

"ఇప్పుడు గ్లాసులో ఉన్నది నీళ్లేనా?"

"నీళ్లే ఆపా."

"కాదు. రెండు హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు ఉంటే అది హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండు కడిగితే బుసబుస నురగ వస్తుందే, ఆ మందు. తాగుతావా?"

అమ్మాయి నవ్వేసింది. కాని ఆమె జవాబు చెప్పలేదు. ఒక మెట్టు వెనక్కి వెళ్లింది. హైడ్రోజన్‌కు చేయి ఒకటి, ఆక్సిజన్‌కు చేతులు రెండు, నత్రజనికి మూడు, కార్బన్‌కు నాలుగు అని బొమ్మలు వేసి చూపింది. తెలుగు పుస్తకంలోని సంయోజకతను ఉర్దూలో గిరిఫ్త్ అంటారని, అంటే పట్టు అని చెప్పింది. ఎవరి చేయీ ఖాళీగా ఉండకూడదు, లేని చేయిని అతికించకూడదు. కొద్దిసేపటికి అమ్మాయే అన్నది: "అయితే ఆపా, లోపలి అంకె ముట్టుకోకూడదు, ముందు అంకె వేయాలి." హైడ్రోజన్ అణువులు 2, ఆక్సిజన్ అణువు 1 కలిస్తే నీటి అణువులు 2. అటు హైడ్రోజన్ పరమాణువులు 4, ఇటు 4. అటు ఆక్సిజన్ 2, ఇటు 2.

జవాబు రాయించి, "రేపు అప్పజెప్పు" అనే మాస్టారి దగ్గర ఆ ఒక్క సమీకరణమే వస్తుంది. తెగిన చోటు కనిపెట్టి అతికించే వారి దగ్గర తక్కినవి కూడా వస్తాయి. ట్యూషన్ అవసరమైనదీ, అనవసరమైనదీ ఇక్కడే తేలిపోతుంది.

ముతాలా, తక్రార్

మదర్సాలో చదివినవారికి ఒక మంచి పద్ధతి తెలుసు. రేపటి పాఠాన్ని విద్యార్థి ముందురాత్రే స్వయంగా చదివి, అర్థం కాని చోట గుర్తు పెట్టుకుంటాడు. అది ముతాలా. ఉస్తాదు పాఠం చెప్పిన తర్వాత, నలుగురు విద్యార్థులు కూర్చుంటే వారిలో ఒకడు అదే పాఠాన్ని తక్కినవారికి తిరిగి చెబుతాడు. అది తక్రార్. చెప్పేటప్పుడు ఎక్కడ తడబడ్డాడో అక్కడ అతనికి రాదన్నమాట. కీమియాకు కూడా ఇదే మందు. ట్యూషన్ గంటలో మాస్టారే మాట్లాడి, పిల్లవాడు రాసుకుంటూ పోతే అది డిక్టేషన్ అవుతుంది గాని తాలీమ్ కాదు.

వంటింట్లో పాఠాలు

తెల్లని లాల్చీ మీద సాలన్ ఒలికితే పసుపు మరక పడుతుంది. సబ్బు రుద్దగానే అది ఎర్రబడుతుంది. అమ్మీలందరూ చూసినదే. సబ్బు నీటిలో క్షార గుణం ఉన్నది, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. నిమ్మరసం పిండితే ఆమ్లం క్షారాన్ని తటస్థం చేసి, మళ్లీ పసుపు రంగు వస్తుంది. సూచిక, తటస్థీకరణం అనే పెద్ద మాటలకు ఇంతకన్నా ప్రయోగశాల ఏమి కావాలి?

రాగి దేగ్‌లకు కలాయి ఎందుకు వేయిస్తాము? చింతపండు, పెరుగు వంటి పులుపు రాగిని కొద్దికొద్దిగా కరిగించి వంటలో కలుపుతుంది. తగరం పూత దానికి అడ్డు నిలుస్తుంది. కలాయి మేస్త్రీ వేడి పాత్రలో నౌసాదర్ చల్లగానే తెల్లని పొగ లేస్తుంది. అది రాగి మీది ఆక్సైడు పొరను తొలగించి తగరం అంటుకొనేలా చేస్తుంది. ఆ మేస్త్రీ కొడుకు బడిలో అమ్మోనియం క్లోరైడ్ అన్న పేరుకు భయపడనక్కరలేదు. అది వాళ్ల నాన్న సంచిలోనే ఉన్నది.

అయితే బాత్రూం కడిగే యాసిడ్‌తోను, బ్లీచింగ్ పౌడర్‌తోను పిల్లలను ఆటలాడనీయవద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది.

తల్లిదండ్రులు చేయవలసినది

"మాకే చదువు రాదు, మేమేం చూడగలం?" అని కొందరు అంటారు. 2015లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న అజీజ్ సంజార్, టర్కీలోని సవూర్ అనే చిన్న ఊళ్లో చదువురాని తల్లిదండ్రులకు పుట్టినవాడు. ఎనిమిదిమంది సంతానాన్నీ చదివించాలని వారు పట్టుదల వహించారు. 2025లో అదే బహుమతిని మరి ఇద్దరితో కలిసి అందుకున్న ఒమర్ యాఘీ, అమ్మాన్‌లో పలస్తీనా శరణార్థుల ఇంట పుట్టినవాడు.

మీరు చేయవలసినవి మూడే. మొదటి వారంలోనే మాస్టారిని, "మా బిడ్డకు ఎక్కడ నుంచి రాదు?" అని అడగండి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారికే బిడ్డను అప్పగించండి. రెండవది, వారానికొకసారి బిడ్డను కూర్చోబెట్టుకొని, "ఈ వారం నేర్చుకున్నది నాకు ఇంటి భాషలో చెప్పు" అనండి. మీకు సమీకరణం తెలియనక్కరలేదు. బిడ్డ తడబాటు మీకు తెలుస్తుంది. మూడవది, ఫీజు భారమైతే మూడు నాలుగు కుటుంబాలు కలిసి, వీధిలో డిగ్రీ చదివే అబ్బాయినో అమ్మాయినో పెట్టుకోండి. ఆడపిల్లలకు ఎవరింట్లోనైనా ఒక గది చూడండి. దూరమన్న కారణంగా వారి చదువు ఆగకూడదు.

మాస్టారు ఎంత మంచివాడైనా పరీక్ష హాలులోకి వెంట రాడు. తాను లేకుండా బిడ్డ నడవగలిగేలా చేయడమే అతని పని. ఆ పని జరుగుతున్నదో లేదో కనిపెట్టి ఉండడం మన పని.