పాత రివాల్వర్‌కు పెద్ద తూటా పట్టిస్తే ఏమవుతుంది?

కదిరి దగ్గరి ఊర్లో మాకు తెలిసిన చాచా ఒకరున్నారు. శనక్కాయ చేను మీద రాత్రిపూట అడవి పందులు పడుతున్నాయని ఆయన బాధ. ఈమధ్య ఇంటికి పిలిచి బీరువాలోంచి గుడ్డలో చుట్టిన రివాల్వర్ తీశారు. రెండు నెలల కింద చనిపోయిన వాళ్ల నాన్నగారిది. .32 బోర్, లైసెన్స్ పుస్తకం కూడా ఉంది. "బేటా, లేత్ మిషన్ దగ్గర దీన్ని కొంచెం తొలిపిస్తే ఇంకా పవర్ ఉండే గుండు పడుతుందంట కదా?" అని అడిగారు.

నేను చదివింది బీకాం. తుపాకుల గురించి నాకేం తెలుసు? అందుకే చట్టం, లెక్కలు రెండూ తిరగేశాను. ఇలా అడిగేది ఈ చాచా ఒక్కరే కాదని రాస్తున్నా.

మొదట లెక్క. తూటా పేలినప్పుడు సిలిండర్ గది లోపల పుట్టే ఒత్తిడిని పీఎస్ఐలో కొలుస్తారు. కారు టైరులో ఉండేది 30 పీఎస్ఐ చిల్లర. మన దేశంలో కాన్పూర్ ఫ్యాక్టరీ చేసే .32 రివాల్వర్‌లో వాడే తూటాకు గరిష్ఠ పరిమితి 15,000 పీఎస్ఐ. అమెరికాలో 2007లో వచ్చిన .327 ఫెడరల్ మ్యాగ్నమ్ అనే తూటా ఉంది. లావు దాదాపు అంతే, గొట్టం కొంచెం పొడుగు, అంతే తేడా. దాని పరిమితి మాత్రం 45,000. అంటే మూడింతలు. "బోర్ ఒకటే కదా" అనుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే. బోర్ అనేది వెడల్పు మాత్రమే, లోపలి బలం గురించి అది ఏమీ చెప్పదు.

కంపెనీలకు ఈ సంగతి ముందే తెలుసు. 1935లో .357 మ్యాగ్నమ్ తెచ్చినప్పుడు పాత .38 స్పెషల్ కంటే గొట్టాన్ని దాదాపు 3 మిల్లీమీటర్లు కావాలనే పొడుగు చేశారు. ఒత్తిడి రెట్టింపు కాబట్టి పాత రివాల్వర్‌లో అది పొరపాటున కూడా పట్టకూడదని. లోపల తొలిపించడమంటే ఆ అడ్డును మన చేత్తో మనమే తీసేయడం.

అలా చేసినవాళ్లు లేకపోలేదు. బ్రిటిష్ సైన్యం వాడిన వెబ్లీ .455 రివాల్వర్లు యుద్ధం తర్వాత అమెరికా మార్కెట్‌కు చేరాయి. అక్కడ తేలిగ్గా దొరికే .45 తూటా పట్టేలా వాటి సిలిండర్ వెనక భాగాన్ని అరగదీసి అమ్మారు. అసలు తూటా ఒత్తిడి 13,000 చుట్టుపక్కల, కొత్తదానిది 21,000. ఫ్యాక్టరీ తూటాలే వేసినా అవి తట్టుకోవాల్సిన దానికంటే ఎక్కువ మోశాయి. మన .32 కూడా వెబ్లీ పద్ధతిలోనే మధ్యలో మడత పడి తెరుచుకునే రకం. మొత్తం భారం పైనున్న ఆ చిన్న గడియ మీదే. సిలిండర్ పగిలితే ముక్కలు తగిలేది పట్టుకున్నవాడి చేతికీ, ముఖానికీ.

ఇక చట్టం. ఆయుధాల చట్టం 1959లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకీని మార్చడానికే కాదు, రిపేరు చేయడానికి కూడా దానికంటూ లైసెన్స్ ఉండాలి. చాచా చేతిలోని పుస్తకం దగ్గర ఉంచుకోవడానికి మాత్రమే. లేత్ మిస్త్రీకి అదీ ఉండదు. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష కనీసం 7 ఏళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. ఇంకో మెలిక ఉంది. .380, .455 తూటాలు, సైన్యం వాడే 9 ఎంఎం, .45 తూటాలు పట్టే పిస్టల్ గానీ రివాల్వర్ గానీ, దాని బోర్ ఏదైనా సరే, నిషేధిత ఆయుధం కిందే లెక్క. దానికి కలెక్టర్ లైసెన్స్ చెల్లదు, కేంద్ర హోం శాఖ అనుమతి కావాలి. అలాంటిదాన్ని తయారు చేసినా, మార్చినా కనీస శిక్ష 10 ఏళ్లు. అంటే ఒక్క పూట మిషన్ పనితో ఇంట్లోని వస్తువు పేరే మారిపోతుంది!

పందుల మాటకొస్తే, అటవీ శాఖ అనుమతి లేకుండా వాటిని కాల్చడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇంకో కేసు. అయినా చీకట్లో పరిగెత్తే పందిని రివాల్వర్‌తో కొట్టడం సినిమాల్లోనే.

ఇవన్నీ చెప్తుంటే నాకు తట్టింది, అసలు సమస్య పవర్ కాదు. లైసెన్స్ చనిపోయిన మనిషి పేరు మీద ఉంది. 21వ సెక్షన్ ప్రకారం అలాంటి ఆయుధాన్ని ఆలస్యం లేకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. వారసులు తమ పేరు మీద లైసెన్స్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. ఒక మనిషికి రెండు ఆయుధాలు మించకూడదు, వారసత్వంగా వచ్చినా అదే లెక్క. లైసెన్స్ గడువు ఇప్పుడు 5 ఏళ్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయాక కదిరి, ధర్మవరం, హిందూపురం వాళ్లు వెళ్లాల్సింది అనంతపురం కాదు, పుట్టపర్తి కలెక్టరేట్‌కు.

"రెండు నెలలైపోయింది కదా బేటా, పట్టుకుంటారేమో" అని చాచా భయపడ్డారు. దాచిన కొద్దీ భయం పెరుగుతుంది కానీ తగ్గదు చాచా అన్నాను. మరుసటి రోజు మరణ ధ్రువీకరణ పత్రం, లైసెన్స్ పుస్తకం తీసుకుని ఇద్దరం స్టేషన్‌కు పోయాం. తూటాలు లెక్కపెట్టించి, రివాల్వర్ మీది నంబరు రాయించి, రసీదు తీసుకున్నాం.