రద్దును తెలుపు ఆంగ్లపదములు

మన ప్రాంతమున ప్రకటనలు తరచు తెలుగున నుండవు. కావున ఆంగ్లపదముల భేదము నెరుగుట మనకు మిక్కిలి అవసరము. "రద్దు" అనుటకు మన విద్యార్థులు ఎల్లచోటుల "క్యాన్సిల్" అనియే వాడుదురు. ఆంగ్లమున సందర్భమును బట్టి పదము మారును.

"క్యాన్సిల్" అను మాట లాటిన్ భాషలో జాలకమును తెలుపు పదమునుండి పుట్టినది. వ్రాతపై అడ్డుగీతలు గీసి కొట్టివేయుట దాని మొదటి యర్థము. టిక్కెట్టునకు, ఆజ్ఞకు, జరుగవలసిన ఉత్సవమునకు ఇది తగును. యుద్ధకారణమున 1940 ఒలింపిక్ క్రీడలు క్యాన్సిల్ అయినవి.

తలపెట్టిన లేక సాగుచున్న కార్యమును దాని పెద్దలే ఆపివేసినచో "కాల్ ఆఫ్" అందురు. చౌరీచౌరా దుర్ఘటన పిదప 1922 ఫిబ్రవరిలో గాంధీజీ సహాయనిరాకరణోద్యమమును కాల్ ఆఫ్ చేసిరి.

ఇక సాగదని విడిచిపెట్టుట "అబాండన్". 1971 జనవరిలో మెల్‌బోర్న్ టెస్టు పోటీ వానవలన ఒక్క బంతియు పడకయే అబాండన్ అయినది.

"పోస్ట్‌పోన్" మాత్రము రద్దు కాదు, వాయిదా. 2020లో జరుగవలసిన టోక్యో ఒలింపిక్ క్రీడలు పోస్ట్‌పోన్ అయి 2021లో జరిగినవి. పరీక్ష పోస్ట్‌పోన్ అయినదన్న ప్రకటనను రద్దని తలచినవాడు పుస్తకము మూయును. పరీక్ష మాత్రము వచ్చియే తీరును. కావున ప్రకటన చదువునపుడు విద్యార్థులును, తల్లిదండ్రులును ఈ భేదమును గమనింతురు గాక.